మాజీల మడత తెర

ప్రాంతీయ పఠనాభివృద్ధి మండలివారికి ఒక ఏడు ఉన్నట్టుండి తమ మాజీ అధ్యక్షుల మీద భక్తి పుట్టుకొచ్చింది. ఎందుకు పుట్టిందని అడగకూడదు. ఆఫీసుల్లో భక్తికి కారణం అక్కర్లేదు, పైనుంచి ఒక కాగితం వస్తే చాలు. ఆ కాగితం ఊళ్ళన్నీ తిరిగి చివరికి గోగులంక శాఖా గ్రంథాలయానికి కూడా చేరింది.

"మండలికి అమూల్య సేవలందించిన పూర్వాధ్యక్షుల ఛాయాచిత్రములను ప్రతి శాఖయందును ఏకరూప పరిమాణములో, పాఠకుని కంటి ఎత్తున, ఏ ఒక్కరినీ విడువక ప్రదర్శింపవలెను. స్థలాభావమును సాకుగా చూపుట విధేయతాలోపముగా పరిగణింపబడును" అని అందులో ఉంది.

లైబ్రేరియన్ సుభాషిణి దాన్ని రెండుసార్లు చదివి, తలెత్తి తన హాలు చుట్టూ చూసింది. చూడడానికి అంత పెద్ద హాలేం కాదు. మూడు వైపులా నేలనుంచి కప్పుదాకా పుస్తకాల బీరువాలు. నాలుగో వైపు, అంటే రోడ్డు వైపు, ఓ చివర గుమ్మం, తక్కినదంతా వరసగా కిటికీలు. ఆ కిటికీల కింద పొడుగాటి చెక్క టేబులు, దానికి అటూ ఇటూ బెంచీలు. కంటి ఎత్తున ఎవరినైనా తగిలించాలంటే ముందు పుస్తకాలనైనా తీసెయ్యాలి, కిటికీలనైనా మూసెయ్యాలి.

ఆ టేబులు గురించి ఒక మాట చెప్పుకోవాలి. గోగులంకలో కూర్చుని చదువుకోవడానికి ఉన్న చోటు అదొక్కటే. పొద్దున్నే పేపర్లు చూసే పెద్దవాళ్ళు గుమ్మం వైపు కొసన కూర్చుంటారు. పరీక్షలకి చదివేవాళ్ళు అవతలి కొసన కూర్చుంటారు. వాళ్ళలో అందరికన్నా ముందొచ్చి అందరికన్నా ఆఖర్న వెళ్ళేది నూకరత్నం. టీచరు ఉద్యోగానికి రాస్తోంది. అత్తవారిది ఒకటే గది, ఆ గదిలో టీవీ ఒకటి, అది ఆగిన రోజు లేదు. ఈసారి పరీక్ష తప్పితే వయసు దాటిపోతుంది, ఇక రాయనివ్వరు. అందుకని ఇంటి పనులు తెమల్చుకుని, చీర కొంగు నడుముకి దోపుకుని, గబగబా వచ్చి ఆ బెంచీ మీద కూలబడుతుంది. అలా కూర్చున్న మనిషి కాసేపటికి వేరే మనిషైపోవడం సుభాషిణి రోజూ చూస్తూనే ఉంది.

స్థలపరిశీలనకి మండలి కార్యదర్శి శశిశేఖరంగారు స్వయంగా విచ్చేశారు. అధ్యక్షపదవి ఖాళీగా ఉండడంతో ఆయనే ఇన్‌ఛార్జి అధ్యక్షులు కూడాను. ఒకే మనిషి రెండు హోదాల్లో నడవాల్సి రావడంవల్ల కాబోలు, ఆయన నడక చాలా నెమ్మది. హాలు మధ్యలో నిలబడి నాలుగు పక్కలా చూసి, కిటికీల దగ్గర చూపు ఆపారు.

"ఈ కిటికీల ఆవశ్యకత ఏమిటి?" అన్నారు.

గాలీ వెలుతురూ వస్తాయని సుభాషిణి మనవి చేసింది. గాలి విషయం తర్వాత పరిశీలిద్దామన్నారాయన. కిటికీలు ఇటుకలతో పూడ్పించి, ఆ గోడమీద పూర్వాధ్యక్షుల్ని అలంకరిస్తే దివ్యంగా ఉంటుందన్నారు. అయితే చిత్రాన్ని చూడ్డానికి కొంత దూరం కావాలి కదా, టేబులు అడ్డం, కనక దాన్ని గోడౌనుకి పంపించెయ్యాలన్నారు. సుభాషిణి టేబులుకి అడ్డంగా వచ్చి నిలబడింది. కొంచెం వ్యవధి ఇస్తే ప్రత్యామ్నాయం ఆలోచిస్తానని బతిమాలుకుంది. ప్రత్యామ్నాయం అనే మాట కార్యదర్శిగారికి బాగా ఇష్టం. ఇచ్చారు.

ఆ ప్రత్యామ్నాయం ఆమెకి డాక్టరుగారి దగ్గర దొరికింది. కళ్ళు మంటలని వెళ్ళి వరసలో కూర్చుంటే, సూదిమందు వేసేచోట అడ్డంగా ఒక ఆకుపచ్చ గుడ్డ తెర ఉంది. చక్రాల మీద నిలబడ్డ నాలుగు రెక్కలు. ఆయా వచ్చి దాన్ని చటుక్కున మడిచి గోడకి చేరేసింది. అంత పెద్ద తెరా పుస్తకం మూసినట్టు మూసుకుపోయింది. సుభాషిణి కళ్ళమంట మరిచిపోయి, మందుల చీటీ వెనకాలే బొమ్మ గీయడం మొదలెట్టింది.

ఆ బొమ్మ నిజంగా చక్కటి బొమ్మ. రెక్కకి ఒక ఫోటో. ఫోటోని పైనుంచి జార్చి దించడానికి రెండు పక్కలా గాడి. రెక్కకీ రెక్కకీ మధ్య మడతబందులు, ఒకటి ఇటు మడిస్తే పక్కది అటు మడిచేటట్టు. కింద చిన్న చక్రాలు. అన్నిటికన్నా ఆమె మురిసిపోయింది ఆఖరి రెక్కని చూసుకుని. దాని అంచుకి మడతబందు సగం ముందే బిగించి ఉంచుతుంది. రేపు ఇంకో మాజీ తయారైతే ఇంకో రెక్క తెచ్చి తగిలించడమే. పని ఉన్నప్పుడు సాగదీసుకోవచ్చు, పని లేనప్పుడు మడిచి మూలకి నెట్టుకోవచ్చు. కిటికీలు నిలుస్తాయి, టేబులు నిలుస్తుంది, మాజీలూ నిలుస్తారు.

వడ్రంగి పోలయ్య బొమ్మని అటు తిప్పీ ఇటు తిప్పీ చూసి, ఇది తలుపా తెరా అని అడిగాడు. తలుపైతే గడియ పెట్టాలి గదా అన్నాడు. గడియ అక్కర్లేదని సుభాషిణి చెప్పింది. లోపలున్నవాళ్ళు ఎక్కడికీ పారిపోరని కూడా చెప్పింది.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. శశిశేఖరంగారు రిబ్బను కత్తిరించి మొదటి రెక్క పట్టుకుని లాగారు. మూలనున్న చెక్కల కట్ట కిర్రుమంటూ విచ్చుకుని, మండలి పూర్వాధ్యక్షులు ఒకరి వెనక ఒకరు కళ్ళజోళ్ళతో, తలపాగాలతో, కండువాలతో హాల్లోకి నడిచొచ్చారు. జనం చప్పట్లు కొట్టారు. మళ్ళీ నెట్టగానే అందరూ వెనక్కి నడిచి మూలకి చేరారు. కార్యదర్శిగారు ముచ్చటపడి మళ్ళీ లాగించారు, మళ్ళీ నెట్టించారు. చూసిన కొద్దీ ఆయన మొహం మతాబులా వెలిగిపోతోంది.

"ఇది ఇంకా సాగుతుందా?" అని అడిగారు.

"ఎన్ని రెక్కలు కావాలంటే అన్ని తగిలించుకోవచ్చండి" అంది సుభాషిణి గర్వంగా.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఇన్నేళ్ళూ గోడ అనేది ఒకటుండి, మర్యాదగా, ఎవరి మనసూ నొప్పించకుండా ఇక చోటు లేదని చెబుతూ వచ్చింది. గోడ చెబితే ఎవరికీ కోపం రాదు. ఇప్పుడు ఆ గోడ లేదు. చోటు లేదని ఇక ఎవరు చెప్పాలి, ఏ మొహం పెట్టుకుని చెప్పాలి?

మండలివారు తక్షణం సాగదీయడం మొదలెట్టారు. అధ్యక్షుల్ని గౌరవించి ఉపాధ్యక్షుల్ని విస్మరించుట వివక్ష అని మొదటి తీర్మానం. సభ్యులు లేనిదే ఉపాధ్యక్షులెక్కడ అని రెండో తీర్మానం. ఆ పైన, అధ్యక్షులు సెలవులో ఉండగా ఒక పూటైనా ఇన్‌ఛార్జి వహించినవారు. ఆ పైన, శాఖలకు శంకుస్థాపన చేసినవారు. దాని తర్వాత, శంకుస్థాపనకు రావలసి ఉండి అనివార్య కారణాలవల్ల రాలేకపోయినవారు. రాకపోయినంతమాత్రాన వారి సంకల్పాన్ని తక్కువ చేయరాదని కార్యదర్శిగారు ఉపన్యాసంలో చెప్పారు. వరస మాత్రం తప్పరాదన్నారు, తెర మొదట్లో తొలి అధ్యక్షులు, చివర ఇప్పటివారు. ఇప్పటివారంటే ఆయనే కనక, కొత్త రెక్క వచ్చినప్పుడల్లా ఆయన రెక్క ఊడదీసి మళ్ళీ ఆఖర్న బిగించేవారు. బిగించినప్పుడల్లా ఒక సభ. సభ జరిగినప్పుడల్లా టేబులు దగ్గరున్నవాళ్ళు లేచి వరండాలోకి వెళ్ళాలి. నూకరత్నం పుస్తకంలో వేలు పెట్టుకుని మెట్ల మీద కూర్చునేది. సభ అయ్యాక లోపలికొచ్చి వేలు తీసి అక్కణ్ణుంచే మొదలెట్టేది.

ఇలా ఉండగా దండల సంగతి వచ్చింది. ఫోటోకి దండ వేస్తే మనిషి పోయినట్టు, వెయ్యకపోతే ఉన్నట్టు. ఇది మన ఇళ్ళల్లో చంటిపిల్లలకి కూడా తెలుసు. కానీ మండలివారు దాన్ని కూడా కాగితం మీద పెట్టి, కీర్తిశేషులకు గంధపుచెక్క దండలు వేయవలెననీ సజీవులకు వేయరాదనీ ఆదేశించారు. సుభాషిణి అలాగే వేసింది. తెర మడిచినప్పుడు పక్కపక్క రెక్కలు ఒకదాని మొహంలో ఒకటి మొహం పెడతాయి. మడిచి ఉన్నంతసేపూ పోయినవారి దండ ఉన్నవారి ముక్కుకి రాసుకుంటూ ఉంటుంది. ఆమె దాన్ని అంతగా పట్టించుకోలేదు.

నిఖార్సయిన మాజీ అధ్యక్షుల్లో ఇంకా బతికి ఉన్న మనిషి గంగరాజుగారు. రోజూ పొద్దున్నే వచ్చి గుమ్మం పక్క బెంచీ మీద కూర్చుని పేపరు మొదటి పేజీనుంచి ఆఖరి పేజీదాకా చదివేవారు. ఒకరోజు సుభాషిణి తెర విప్పేసరికి, కీర్తిశేషులైన ఒక ఉపాధ్యక్షులవారి దండ ఎదుటి రెక్క మరమేకుకి తగులుకుని ఊడొచ్చి, గంగరాజుగారి ఫోటోకి పడింది. ఆమె చూసుకోలేదు. రోడ్డవతల బస్సు కోసం నిలబడ్డవాళ్ళు కిటికీలోంచి చూశారు. వాళ్ళలో ఒకాయన బస్సెక్కడం మానేసి గంగరాజుగారింటికి బయల్దేరాడు. దారిలో కనిపించినవాళ్ళకల్లా చెప్పాడు.

గంగరాజుగారు గడ్డం గీసుకుంటున్నారు. వీధిలో అలికిడైతే మొహాన సబ్బు నురగతోనే వచ్చి తలుపు తీశారు. అరుగు కింద జనం తలలు వంచుకుని నిలబడి ఉన్నారు. ముందున్నాయన, పాపం, ఎప్పుడు జరిగిందండీ అని ఆయన్నే అడిగాడు.

ఆ రోజు కొంచెం ఆలస్యంగా ఆయన గ్రంథాలయానికి వచ్చి, తన ఫోటో ముందు నిలబడి చాలాసేపు చూసుకున్నారు. సుభాషిణి చేతులు జోడించింది. ఆయన కోప్పడలేదు.

"నాతో ఓ మాటైనా చెప్పకుండా పంపించేశావే అమ్మాయ్" అన్నారు. "పోనీలే, ఎవరెవరొచ్చారో కళ్ళారా చూసుకున్నాను. మా వియ్యంకుడు మాత్రం రాలేదు. గుర్తెట్టుకుంటాను."

ఆయన ఊరుకున్నా మండలి ఊరుకుంటుందా? అత్యవసర సమావేశం జరిగింది. మడత కారణంగా జీవించి ఉన్న మాజీల జీవస్థితికి భంగం వాటిల్లుచున్నందున, ఇకపై పనివేళలయందు తెరను మడవరాదని తీర్మానించారు. అంతటితో ఆగలేదు. సజీవ మాజీలు ఏటా తమ చిత్రపటం ఎదుట స్వయంగా హాజరై, తాము జీవించియున్నట్లు సంతకం చేయవలెను. మనిషికీ చిత్రానికీ పోలిక కుదిరినట్లు లైబ్రేరియన్ ధ్రువీకరించవలెను. గంగరాజుగారు బుద్ధిగా వచ్చి తన ఫోటో పక్కన నిలబడ్డారు. ఫోటోలో ఆయనకి జుట్టుంది. సుభాషిణి ఆయన్నీ ఫోటోనీ మార్చి మార్చి చూసి, పోలిక సామాన్యం అని రాసింది. ఎంతైనా అబద్ధం రాయలేదు కదా.

మడవకూడని మడత తెర హాలంతా వంకరలు తిరిగి నిలబడింది. మొదట సుభాషిణికి టేబులు దగ్గరికి దారి కూడా కనబడలేదు. కానీ వారం తిరిగేసరికి ఒక చిత్రం జరిగింది. వంకరకీ వంకరకీ మధ్య చిన్న చిన్న గదుల్లాంటివి ఏర్పడ్డాయి. చదువుకునేవాళ్ళు బెంచీలు జరుపుకుని వాటిల్లో సర్దుకున్నారు. మూడు పక్కలా చెక్కలే, పక్కవాడి మొహం కనిపించదు, పక్కవాడి దగ్గూ అంతగా వినిపించదు. నూకరత్నం ఒక స్వర్గీయ ఉపాధ్యక్షుడికీ శంకుస్థాపనకి రాలేకపోయిన ఒక పెద్దమనిషికీ మధ్య చోటు చూసుకుంది. అక్కడ ఎవరూ పలకరించరు, తనకి మా బాగా ఉందని చెప్పింది. చుట్టుపక్కల ఊళ్ళనుంచి కూడా పరీక్షలకి చదివేవాళ్ళు రాసాగారు. గోగులంక గ్రంథాలయానికి పాఠకులు పెరిగారు.

అంటే, పైవాళ్ళు వచ్చి చూడాల్సిన పరిస్థితి వచ్చిందన్నమాట.

శశిశేఖరంగారు గుమ్మంలో అడుగుపెట్టి నిర్ఘాంతపోయారు. పాఠకులు పెద్దల వైపు వీపులు పెట్టి కూర్చున్నారు. ఒకతను మాజీ సభ్యుడి రెక్కకి చొక్కా తగిలించాడు. వంకరలవల్ల ఏ చిత్రమూ తిన్నగా కనబడడం లేదు, పెద్దలందరినీ ఓరగా చూడాల్సి వస్తోంది. ఓరచూపు అగౌరవమని కార్యదర్శిగారి అభిప్రాయం. ఆయన అక్కడికక్కడే చెప్పి రాయించారు. తెర ఏకరేఖగా, వంకర లేకుండా, తొలి అధ్యక్షులనుంచి నేటివారి వరకూ ఒకే చూపులో దర్శనమిచ్చునట్లు నిలపవలెను. రెండు వరుసలు చేయుట సీనియారిటీకి విరుద్ధము.

తెరని తిన్నగా చేస్తే హాలు చాలదు. ఈ మూలనుంచి ఆ మూలకి ఐమూలగా పరిస్తే కొంత నయం. అయితే ఐమూలగా పరవాలంటే దారిలో టేబులుంది.

"టేబులు, బెంచీలు సోమవారం గోడౌనుకు తరలించండి" అన్నారు శశిశేఖరంగారు. "పాఠకులు నిలబడి చదువుకొనవచ్చును. ప్రదర్శనకు భంగం కలగరాదు."

ఆయన కారెక్కి వెళ్ళిపోయాక నూకరత్నం లేచి వచ్చింది. చెక్కల చాటునుంచి అంతా వినేసింది.

"నిజంగా తీసేత్తారాండి మేడంగారూ?" అంది. "పరీక్షింకా అవ్వలేదు కదండీ. నిలబడి ఎంతసేపని చదువుతానండి."

సుభాషిణికి ఏడుపొచ్చింది. ఆ టేబులు కాపాడాలనే కదా తెర కనిపెట్టింది. తనే గీసి, తనే చేయించి, ఎంతైనా సాగుతుందని తన నోటితోనే చెప్పి, ఇప్పుడు ఆ పిల్ల కూర్చునే బెంచీని తనే బండెక్కించాలి. గోడౌనుకి వెళ్ళిన సామాను తిరిగొచ్చిన చరిత్ర మండలిలో లేదు. ఆమె కాసేపు తనని తాను తిట్టుకుంది, కాసేపు ఆ సూదిమందు డాక్టర్ని తిట్టుకుంది. తర్వాత టేపు తీసుకుని ఊరికే హాలు కొలవసాగింది. ఏదో ఒకటి చెయ్యకుండా కూర్చోలేకపోయింది.

కొలుస్తుంటే ఒక సంగతి బయటపడింది. టేబులు తీసేసినా తెర చాలదు. ఐమూలగా పరిచినా చివరి రెక్కలు గోడకి గుద్దుకుంటాయి. చాలాలంటే ఒకటే దారి ఉంది. ఎవరూ తెరవని పాత గెజిట్ల బీరువా పక్కగా, వెనక గోడనుంచి నేరుగా గుమ్మం వైపు పరుచుకుంటూ రావాలి. అలా పరిస్తే టేబులు జోలికి పోనక్కర్లేదు. అయితే చివరి రెక్క గుమ్మం దాటి వరండాలోకి వెళుతుంది.

చివరి రెక్క ఎవరిదో మనకి తెలుసు. ఆమెకీ తెలుసు. సోమవారంలోగానే మండలి ఆఫీసుకి వెళ్ళి, చేతులు కట్టుకుని నిలబడి, సంగతి విన్నవించింది. శశిశేఖరంగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"అంటే నన్ను బయట నిలబెడతారా?" అన్నారు. ఆ గొంతులో అధికారం కన్నా బాధ ఎక్కువగా ఉంది.

"బయట కాదండి" అంది సుభాషిణి. "అందరికన్నా ముందు."

కార్యదర్శిగారు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. చివరికి ప్రయోగాత్మకంగా, కొద్దిరోజుల పాటు, ఏ పూర్వోదాహరణగానూ పరిగణింపబడని విధంగా అనుమతి మంజూరు చేశారు.

వరండాలో శశిశేఖరంగారి ఫోటో రోడ్డుకేసి చూస్తూ నిలబడింది. ఎదురుగా బస్సులాగే చోటు, పక్కనే టీ కొట్టు. బస్సు దిగినవాళ్ళందరూ మొదట ఆయన్నే చూసేవారు. ఎవరీయన అని అడిగేవారు. టీ కొట్టతను తనకి తోచింది చెప్పేవాడు, ఒకరోజు కలెక్టరనీ, ఇంకోరోజు ఇక్కడినుంచి నిలబడబోతున్నాయన అనీ. తిరునాళ్ళకి పోతున్న ఒక ముసలమ్మ బస్సులోంచే దణ్ణం పెట్టింది. ఈ వార్త మండలి ఆఫీసుకి ఎలా చేరిందో గానీ, కార్యదర్శిగారికి గోగులంకలో తనిఖీలు ఎక్కువయ్యాయి. కారు వీధి మలుపులో ఆపించి, టీ కొట్టు దగ్గర మామూలు మనిషిలా నిలబడి, బస్సు దిగేవాళ్ళని గమనిస్తూ ఉండేవారు. టీ కూడా తాగేవారు. ప్రయోగం సంతృప్తికరంగా ఉందని ఆయనే రాయించారు.

ముందుగా ఫిర్యాదు పెట్టింది గంగరాజుగారు. అందరూ ఆశ్చర్యపోయారు. ఆయన ఇంతకాలం కార్యదర్శిభాషని చదివీ చదివీ వంటబట్టించుకున్నారు కాబోలు, అచ్చం అదే భాషలో రాశారు. ఇన్‌ఛార్జి అధ్యక్షులు బహిరంగ దర్శనము పొందుచుండగా, పూర్తిస్థాయి అధ్యక్షులను పాత గెజిట్ల పక్కన చీకటిలో ఉంచుట సీనియారిటీకి తీరని అవమానమని అందులో ఉంది. ఆ సంగతి ఊళ్ళో పాకింది. కీర్తిశేషుల కొడుకులూ మనవలూ ఒక్కరొక్కరే మండలికి వెళ్ళారు. మా నాన్నగారేం తక్కువ చేశారని ఒకరు, మా తాతగారు ఆ గ్రంథాలయంలో కాలే పెట్టలేదు, ఇప్పుడు ఆయన్ని లోపల బంధించడం అన్యాయమని ఇంకొకరు. శంకుస్థాపనకి రాలేకపోయినాయన కూతురైతే, ఆయన లోపలికి రాలేదు కాబట్టి బయట ఉండే హక్కు అందరికన్నా ఆయనకే ఉందని వాదించింది.

చివరికి బహిరంగ దర్శనము మాజీలందరి సమానహక్కు అని తీర్మానమైంది. తెర యావత్తూ ప్రహరీ గోడ వెంబడి, రోడ్డుకి అభిముఖంగా నిలపాలి. ఎండావానలు తగలకుండా షెడ్డు వెయ్యాలి. హాలు కప్పు కారుతోందని సుభాషిణి ఏళ్ళ తరబడి పెడుతున్న అర్జీలు పరిశీలనలో ఉండగానే, షెడ్డు మాత్రం చకచకా లేచింది. రేకులు, ఫ్యాన్లు, రాత్రంతా వెలిగే దీపాలు, కాపలాకి మనిషి, అన్నీ వచ్చాయి. చక్రాలున్నాయి గనక మాజీలు పెద్దగా కష్టపడకుండానే ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నట్టు గుమ్మం దాటారు. దాటి, రోడ్డు వైపు మొహాలూ హాలు వైపు వీపులూ పెట్టి వరసగా నిలబడ్డారు.

ఆ సాయంత్రం గంగరాజుగారు పేపరు మడిచి లేస్తుంటే సుభాషిణి దగ్గరికి వెళ్ళింది. ఫోటో బయట పెట్టాలని ఆయనకి అంత ముచ్చటగా ఉందని తను అనుకోలేదంది.

"నా మొహం చూసుకోడానికి ఇంటో అద్దం లేదేంటమ్మాయ్" అన్నారాయన. "నాకు కావల్సింది ఈ బెంచీ. ఆ తెర లోపలున్నన్నాళ్ళూ దీనికి ముప్పే. మీ ఇంటాయన రిటైరైతే తెలుస్తుందిలే, పొద్దున్న పూట మగాడికి కూచోడానికి చోటెంత అవసరమో." ఇలా అని చెప్పులు వేసుకుని, షెడ్డు ముందు ఒక క్షణం ఆగి, తన ఫోటోకి దండ పడలేదు కదా అని చూసుకుని మరీ వెళ్ళారు.

షెడ్డు తయారయ్యాక శశిశేఖరంగారు వార్షిక తనిఖీకి వచ్చారు. వెంట గుమస్తా కాగితాలు పట్టుకుని నడుస్తున్నాడు. ఆయన షెడ్డు ఈ చివరనుంచి ఆ చివరదాకా ప్రతి రెక్కనీ పరిశీలించారు. దండలు సరిచూశారు, ఫ్యాన్లు వేయించి చూశారు, దుమ్ము ఉందేమోనని ఒకరిద్దరు పెద్దల నుదుళ్ళు వేలితో రాశారు. అంతా సవ్యంగా ఉందని గుమస్తాకి చెప్పి రాయించారు. సుభాషిణి పక్కనే నిలబడి అన్నిటికీ తలూపింది. అయిపోయింది కదా అనుకుంటుండగా ఆయన హాలు గుమ్మం వైపు తిరిగారు. ఆమె గబగబా వెనకే నడిచింది.

లోపల బెంచీలు నిండిపోయి ఉన్నాయి. పరీక్ష దగ్గర పడింది. చోటు చాలక కొందరు కిటికీ చట్టాల మీద కూర్చున్నారు, కొందరు బీరువాలకి చేరగిలి కింద కూర్చున్నారు. నూకరత్నం రెండు చెవుల్లోనూ వేళ్ళు పెట్టుకుని, పెదాలు కదుపుతూ, ఎవరో వచ్చారన్న ధ్యాస లేకుండా చదువుకుంటోంది. మాజీ అధ్యక్షుడైన గంగరాజుగారు మనిషిగా అక్కడే కూర్చుని పేపరు చదువుతున్నారు. శశిశేఖరంగారు గుమ్మంలో నిలబడి గోడలకేసి చూశారు. పుస్తకాలే తప్ప ఒక్క ఫోటో కనబడలేదు. గుమస్తా కలం పట్టుకుని సిద్ధంగా నిలబడి, హాలు గురించి ఏం రాయమంటారని అడిగాడు.

"ఏముంది రాయడానికి?" అన్నారు కార్యదర్శిగారు. "ఇక్కడెవరూ లేరు కదా."

గుమస్తా అలాగే రాసుకున్నాడు. ఇద్దరూ మళ్ళీ షెడ్డు వైపు నడిచారు. సుభాషిణి అప్పటికి గాని ఊపిరి పీల్చుకోలేదు. టేబులు చుట్టూ ఉన్నవాళ్ళలో ఒక్కరూ తలెత్తలేదు.